నాన్నగారితో హేమకుండ్ సాహిబ్: ఏడు రోజుల సెలవు సరిపోతుందా?

ప్రశ్న: మాది నిజామాబాద్. మా నాన్నగారికి 62 ఏళ్లు. లారీ ట్రాన్స్‌పోర్ట్ నడిపేవారు. ఆ రోజుల నుంచీ నాందేడ్‌లో ఆయనకో సర్దార్‌జీ స్నేహితుడు ఉన్నారు. ఉత్తరాఖండ్ కొండల్లో సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్ గురుద్వారా గురించి ఆయన చెబుతుంటే విని విని, నాన్న కూడా ఎలాగైనా వెళ్లాలని పట్టుబట్టారు. ఈసారి జూన్ మొదట్లో వాళ్ల కుటుంబం వెళ్తోంది, మమ్మల్నీ రమ్మంటున్నారు. నాన్నకు బీపీ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటారు. షుగర్ లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాకు ఏడు రోజుల సెలవే దొరుకుతుంది. అందులోనే బదరీనాథ్, వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ కూడా చూసి రావాలని ప్లాన్. పైనున్న సరస్సులో స్నానం చేస్తానని నాన్న అంటున్నారు. "తిరుమల మెట్లెక్కినోణ్ని, నాకిదెంత" అంటారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. మేం సిక్కులం కాదు, మమ్మల్ని రానిస్తారా? రోప్‌వే వస్తుందట కదా, అప్పటిదాకా ఆగడం మంచిదా?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి సందేహాల్లో ఒకటి తీర్చేస్తాను. నిస్సందేహంగా రానిస్తారు. గురుద్వారాకు కులం, మతం, దేశం అడ్డురావు. తల మీద గుడ్డ కప్పుకొని, చెప్పులు విడిచి, సిగరెట్, గుట్కా, మందు లాంటివేవీ దగ్గర లేకుండా వస్తే చాలు. మీ పక్కన కూర్చున్నవాళ్లు మీరెవరని కూడా అడగరు. ముందు టీ గ్లాసు చేతికిస్తారు.

ఇక నాన్నగారి సంగతి. ఉత్తరం చదివాక నాకు ఆయన వయసు గురించి పెద్దగా బెంగ కలగలేదు. బీపీ కూడా అదుపులో ఉంటే డాక్టరు చూసి చెప్పగలిగే విషయమే. నాకు భయం వేసింది మీ ఏడు రోజుల లెక్క చూసి. ఈ యాత్రలో పెద్దవాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా తొందర వల్లే. మైదానం నుంచి రెండు మూడు రోజుల్లో 14 వేల అడుగులు దాటిన చోటికి వెళ్లిపోతే, పాతికేళ్ల కుర్రాడైనా తల పట్టుకొని కూర్చోవచ్చు.

తిరుమలతో పోల్చారు కాబట్టి అక్కడి నుంచే చెబుతాను. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. అది నడిచారంటే నాన్నగారి కాళ్లలో బలం ఉన్నట్టే, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ తిరుమలలో గాలి మన ఊళ్లో గాలిలాంటిదే. హేమకుండ్ దగ్గర ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో ఇంచుమించు 60 శాతమే. పైగా చివరి మజిలీ ఘాంఘరియా అనే ఊరి నుంచి ఎక్కే 6 కిలోమీటర్లలోనే 1,200 మీటర్లకు పైగా ఎత్తు పెరుగుతుంది. అలిపిరి నుంచి కొండ మీదికి ఎక్కే ఎత్తుకు అది రెట్టింపుకు కొంచెం తక్కువ. ఈ తేడా నాన్నగారికి వివరంగా చెప్పండి. ట్రాన్స్‌పోర్ట్ నడిపిన మనిషి, ఘాట్ రోడ్డులో లోడు బండి ఎలా నడపాలో తెలిసినవారు. ఏ గేరులో ఎక్కాలో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

దారి ఇలా ఉంటుంది. రిషీకేశ్ నుంచి దేవప్రయాగ, శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌లోది), రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, చమోలీ మీదుగా జోషీమఠ్. కొండ రోడ్డు, పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి చేరతారు. రాత్రి ప్రయాణం అసలు పెట్టుకోవద్దు. జోషీమఠ్ దాటాక గంట లోపే గోవింద్‌ఘాట్ వస్తుంది. అలకనందలో లక్ష్మణ గంగ కలిసే చోటు అది, సుమారు 6 వేల అడుగుల ఎత్తు. అక్కడి నుంచి పుల్నా ఊరిదాకా 4 కిలోమీటర్లు షేరింగ్ జీపుల్లో వెళ్లొచ్చు. పుల్నా నుంచి ఘాంఘరియాకు 9, 10 కిలోమీటర్ల నడక. ఘాంఘరియాను సిక్కులు గోవింద్ ధామ్ అంటారు, 10 వేల అడుగుల ఎత్తు. రాత్రి బస అక్కడే. హేమకుండ్‌లో ఎవరినీ రాత్రి ఉండనివ్వరు. మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో అందరినీ కిందికి పంపేస్తారు.

ఇప్పుడు రోజులు సర్దుదాం. మీకు శని, ఆదివారాలు సెలవైతే, ఏడు రోజుల సెలవును సోమవారం నుంచి రాసి, ముందున్న శనివారమే ఇంటి నుంచి కదలండి. రెండు వారాంతాలు కలిసి మొత్తం 11 రోజులు చేతిలో ఉంటాయి. అవి సరిపోతాయి. మొదటి రోజు హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానంలో వెళ్లి రిషీకేశ్‌లో బస. రెండో రోజు జోషీమఠ్.

మూడో రోజు నేరుగా ఘాంఘరియాకు కాకుండా బదరీనాథ్ వెళ్లండి. చాలామంది ముందు హేమకుండ్ ముగించుకొని, తర్వాత బదరీనాథ్ పెట్టుకుంటారు. నాన్నగారి కోసం మీరు దీన్ని తిప్పేయండి. బదరీనాథ్ కూడా 10 వేల అడుగుల పైనే ఉంది, గుడి దగ్గరిదాకా కారు వెళ్తుంది. అక్కడ ఒక రాత్రి పడుకుంటే శరీరం శ్రమ లేకుండానే ఆ గాలికి అలవాటు పడటం మొదలెడుతుంది. నాలుగో రోజు పొద్దున్నే దిగి గోవింద్‌ఘాట్ వచ్చి, పుల్నా మీదుగా సాయంత్రానికి ఘాంఘరియా. ఐదో రోజు అక్కడే విశ్రాంతి. ఆరో రోజు హేమకుండ్ సాహిబ్, తిరిగి ఘాంఘరియా. ఏడో రోజు గోవింద్‌ఘాట్ దిగడం, ఎనిమిదో రోజు రిషీకేశ్ దారి. మిగిలినవి ఇంటికి చేరడానికి, వానకూ కొండచరియలకూ. ఆ ఖాళీ రోజుల్లో ఇంకో క్షేత్రం ఇరికించకండి. శ్రీనగర్ దాటాక సిరోబగడ్ లాంటి చోట్ల కొండ విరిగి రోడ్డు మీద పడితే గంటలు, ఒక్కోసారి రోజంతా ఆగాల్సి వస్తుంది. రిటర్న్ విమానం మర్నాడే ఉంటే అప్పుడు మొదలయ్యే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఐదో రోజు ఖాళీగా ఎందుకు కూర్చోవాలని ఇంట్లో అందరూ అడుగుతారు. మీరు మాత్రం పట్టు వదలొద్దు. ఆ రోజు నాన్నగారు పూల లోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) గేటు వైపు ఓ గంట నిదానంగా నడిచి, వెనక్కి వచ్చి, గురుద్వారాలో కీర్తన వింటూ కూర్చుంటే చాలు. లోయ లోపలికి మీరొక్కరే వెళ్లి రావచ్చు. అక్కడికి గుర్రాలను రానివ్వరు, సాయంత్రానికల్లా బయటికి వచ్చేయాలి.

ఏ నెలలో వెళ్లాలన్నది తర్వాతి మాట. గురుద్వారా సాధారణంగా మే చివర తెరిచి అక్టోబర్ రెండో వారం లోపు మూసేస్తారు. తెరవడానికి ముందు సైనికులు, సేవాదార్లు (గురుద్వారాలో స్వచ్ఛందంగా సేవ చేసేవాళ్లు) కలిసి మంచు తవ్వి దారి చేస్తారు. జూన్ మొదట్లో అట్లాకోటి దగ్గర ఆ మంచు గోడల మధ్యే నడవాలి. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది కానీ కాలు జారుతుంది, జనం కూడా ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో లోయ నిండా పూలు, పైన బ్రహ్మకమలాలు. వాటితోపాటే వాన, విరిగిపడే కొండలు. సెప్టెంబర్ సగం దాటాక వాన తగ్గుతుంది, ఆకాశం తేటగా ఉంటుంది, రద్దీ పలచబడుతుంది. లోయలో పూలు చాలావరకు అయిపోతాయి, అదొక్కటే లోటు. మీ నాన్నగారికి నేను సెప్టెంబరే చెబుతాను. పూల కోసం మీరు మరో ఏడాది స్నేహితులతో వెళ్లొచ్చు.

జూన్ పిలుపు కాదంటే సర్దార్‌జీ గారు నొచ్చుకుంటారేమోనని మీకు ఉంటుంది. ఫోన్‌లో చెప్పకుండా నాన్నగారిని తీసుకొని నాందేడ్ వెళ్లండి, నిజామాబాద్ నుంచి ఎంత దూరమని. విషయం ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయనకూ ఇంచుమించు ఇదే వయసై ఉంటుంది కదా. పిల్లలు జూన్‌లో వెళ్లొచ్చి, పెద్దవాళ్లిద్దరూ మీతో సెప్టెంబర్‌లో బయల్దేరడానికి ఆయనే ఒప్పుకోవచ్చు. ఎలాగూ వెళ్తారు కనుక అక్కడి గురుద్వారా హజూర్ సాహిబ్ దర్శనం చేసుకోండి. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించింది అక్కడే. ఏడు శిఖరాలు శోభిల్లే హేమకుంట్ పర్వతం మీద పూర్వజన్మలో తాను తపస్సు చేశానని ఆయన రచనగా చెప్పే 'బచిత్తర్ నాటక్'లో ఉంది. ఆ వర్ణనను బట్టే 1930లలో సంత్ సోహన్ సింగ్, హవల్దార్ మోదన్ సింగ్ ఈ సరస్సును గుర్తించి, ఒడ్డున చిన్న గురుద్వారా కట్టించారు. ఆ గురువు తపస్సు చేశారని నమ్మే చోటు హిమాలయాల్లో ఉంది, ఆయన చివరి రోజులు గడిపిన చోటు మీ గోదావరి ఒడ్డునే ఉంది. నాందేడ్ దాటిన నీరే బాసరకు వస్తుంది. ఆ కొండ మీదికి వెళ్లబోయే మీకు ఇంతకంటే మంచి ఆరంభం నాకు తోచడం లేదు.

ఇప్పుడు ఆరోగ్యం. టికెట్లు కొనకముందే నాన్నగారిని గుండె డాక్టరుకు చూపించండి. ఈసీజీ, ఎకో, అవసరమంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయిస్తారు. వాడుతున్న బీపీ మాత్ర పేరు చూపించి, ఎత్తైన చోట దాని మోతాదు మార్చాలా అని అడగండి. డయామాక్స్ అనే మాత్ర గురించి కూడా అడగాలి. కొండ గాలికి త్వరగా అలవాటు పడేందుకు ఇస్తారు, మామూలుగా 125 మిల్లీగ్రాములు ఉదయం, సాయంత్రం. సల్ఫా మందులు పడనివాళ్లకూ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకూ అది పనికిరాకపోవచ్చు. మూత్రం ఎక్కువగా వస్తుంది, వేళ్ల చివర తిమ్మిరిగా ఉంటుంది. ఎవరో వాడారని మీరు సొంతంగా కొని ఇవ్వొద్దు.

ఎత్తు పడలేదని ఎలా తెలుస్తుంది? తలనొప్పితో మొదలవుతుంది. ఆకలి చస్తుంది, కడుపులో తిప్పుతుంది, నిద్ర పట్టదు, నీరసంగా ఉంటుంది. ఇంతవరకైతే ఆ రోజు పైకి వెళ్లకుండా ఉన్నచోటే ఆగి, నీళ్లు తాగి, విశ్రాంతి తీసుకుంటే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోయినా, పెరిగినా కిందికి దిగాలి. మనిషి తూలుతూ నడుస్తున్నా, మాట తికమకగా ఉన్నా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసపడుతున్నా, దగ్గుతో గులాబీ రంగు నురగ పడుతున్నా ఆలోచించడానికి టైం లేదు. అది మెదడుకో ఊపిరితిత్తులకో నీరు పట్టిన సూచన. అర్ధరాత్రి అయినా సరే, వెంటనే దిగడం మొదలుపెట్టాలి, ఆక్సిజన్ దొరికితే పెట్టించాలి. యాత్ర రోజుల్లో ఘాంఘరియాలో వైద్య సహాయం ఉంటుంది, వెళ్లగానే అది ఎక్కడుందో చూసి పెట్టుకోండి. నిద్ర మాత్రలు మాత్రం ఎవరికీ వద్దు.

సరస్సు స్నానం విషయంలో నాన్నగారికి నచ్చని మాటే చెప్పాలి. వద్దు. అది మంచు కరిగిన నీరు. ఎక్కి ఎక్కి గుండె వేగంగా కొట్టుకుంటున్న సమయంలో ఆ నీళ్లలో మునిగితే ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుంటుంది, బీపీ పైకి ఎగుస్తుంది. ఆయన వయసులో, ఆయన మాత్రలతో ఆ సాహసం చేయకూడదు. దోసిట్లోకి నీళ్లు తీసుకొని నెత్తిన చల్లుకోమనండి. స్నానం చేయలేనివాళ్లు ప్రోక్షణ చేసుకోవడం మన ఇళ్లలోనూ ఉన్నదే. చిన్న సీసాలో కొంచెం నీరు తెచ్చుకుంటే సంతోషపడతారు. మీరు, అమ్మ స్నానం చేయాలనుకుంటే ఆడవాళ్లకు విడిగా చాటు ఉంది, అయినా అమ్మకు కూడా నేను వద్దనే అంటాను.

అమ్మగారి మోకాళ్లకు గుర్రం ఉంది, డోలీ ఉంది, వీపు మీద బుట్టలో కూర్చోబెట్టుకొని మోసే కండీ ఉంది. కౌంటర్‌లో రేటు కనుక్కొని, చీటీ తీసుకొని మాట్లాడుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోండి. గుర్రమెక్కితే కాళ్లకు శ్రమ తప్పుతుంది, పలచటి గాలి మాత్రం తప్పదు. పైగా నడిచేవాళ్ల కంటే త్వరగా పైకి చేరతారు కాబట్టి తలనొప్పి వచ్చే అవకాశం కూడా తక్కువేం కాదు. గోవింద్‌ఘాట్ నుంచి ఘాంఘరియాకు హెలికాప్టర్ కూడా తిరుగుతుంది, వాతావరణం బాగుంటేనే. అది దిగేటప్పుడు పెట్టుకుంటే మోకాళ్లకు మేలు, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే అవి ఎక్కువ నొప్పెడతాయి. ఘాంఘరియాదాకా వచ్చి, ఆరో రోజు అమ్మ అక్కడే ఉండిపోతానంటే బలవంతం చేయకండి. కింది గురుద్వారాలో కూర్చొని ఆమె చేసే ప్రార్థన ఏమీ తక్కువ కాదు.

నడిచేటప్పుడు ఎదురుగా గుర్రాలు, కంచర గాడిదలు వస్తే ఎప్పుడూ కొండ గోడ వైపు ఆగండి. లోయ వైపు నిలబడితే మూట తగిలి పడిపోయే ప్రమాదం ఉంది. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

ఆరో రోజు తెల్లవారుజామున 5 గంటలకల్లా ఘాంఘరియా నుంచి కదలాలి. మాట్లాడుతూ నడవగలిగేంత నిదానంగా నడవాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. చివర్లో మెట్ల దారి ఒకటి అడ్డంగా పైకి తీసుకెళ్తుంది, దగ్గరని జనం అటు ఎగబడతారు. మీరు గుర్రాల దారినే చుట్టూ తిరిగి వెళ్లండి. దారి పొడవునా చిన్న ఢాబాల్లో టీ, వేడి పరోటా, మ్యాగీ దొరుకుతాయి. ఎదురొచ్చేవాళ్లు "వాహెగురు" అంటూ పలకరిస్తారు, ఇంకాస్తే ఉందని ధైర్యం చెబుతారు, బెల్లమో బిస్కెట్లో చేతిలో పెడతారు. మీరూ అలాగే పలకరించండి.

బయల్దేరే ముందు రోజు రాత్రి నాన్నగారి దగ్గర ఒక మాట తీసుకోండి. మధ్యాహ్నం 12కు పైకి చేరలేమని తేలితే, లేదా ఆయన ముఖం చూసి మీకు అనుమానం వస్తే, వెనక్కి తిరగాల్సిందేనని. ఆ నిర్ణయం మీది, ఆయనది కాదు. ఇది కొండ మీద నిలబడి వాదించుకొనే విషయం కాకూడదు. చూస్తూ చూస్తూ దగ్గరదాకా వచ్చి తిరగడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే కింద ఉండగానే, ఊపిరి మామూలుగా ఆడుతుండగానే ఒప్పందం జరిగిపోవాలి. సర్దార్‌జీ గారు వెంట ఉంటే ఆయన ముందే ఈ మాట తీసుకోండి, మరీ మంచిది.

పైకి చేరాక చెప్పులు జోడా ఘర్‌లో ఇచ్చి, తడి సాక్సులు మార్చుకొని దర్బార్‌లోకి వెళ్లండి. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ముందు మోకరిల్లి నుదురు నేలకు ఆనించి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కింద కూర్చోవాలి. అర్దాస్ (సామూహిక ప్రార్థన) జరిగేటప్పుడు అందరితోపాటు లేచి చేతులు జోడించి నిలబడాలి. కడా ప్రసాదాన్ని (గోధుమపిండి హల్వా) రెండు అరచేతులూ కలిపి అందుకోవాలి. తర్వాత లంగర్‌లో (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) వేడి కిచిడీ, టీ పెడతారు. ఆ సరుకంతా గుర్రాల మీదా మనుషుల వీపుల మీదా ఇంత పైకి వచ్చింది, కాబట్టి తినగలిగినంతే పెట్టించుకోండి. పక్కనే లక్ష్మణుడి గుడి ఉంది. ఆ సరస్సును స్థానికులు ఎప్పటి నుంచో లోక్‌పాల్ అంటారు, లక్ష్మణుడు అక్కడ తపస్సు చేశాడని వాళ్ల నమ్మకం. అమ్మగారు పైకి వస్తే ఆ గుడి తప్పకుండా చూపించండి.

రోప్‌వే కోసం ఆగమని నేననను. గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్ సాహిబ్ వరకు 12.4 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, ఖర్చు 2,730 కోట్ల రూపాయలు. అలాంటి కొండల్లో అది పూర్తయ్యేసరికి ఏళ్లు పడుతుంది, నాన్నగారి వయసూ ఆగదు. పైగా 6 వేల అడుగుల నుంచి అంత ఎత్తుకు కాసేపట్లో చేరిపోవడం బీపీ ఉన్న మనిషికి ఏమంత క్షేమం కాదు.

చిన్న చిన్న సంగతులు కొన్ని. ఉత్తరాఖండ్ ప్రభుత్వ చార్‌ధామ్ యాత్ర పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బదరీనాథ్‌తోపాటు హేమకుండ్ సాహిబ్ కూడా అందులోనే ఉంటుంది, తేదీలు విడివిడిగా ఎంచుకోవాలి. ఆ కాగితం, ఆధార్ ఒరిజినల్ దగ్గర ఉంచుకోండి. రిషీకేశ్, జోషీమఠ్, గోవింద్‌ఘాట్, ఘాంఘరియాల్లో గురుద్వారా బసలు ఉన్నాయి, కానీ రద్దీ రోజుల్లో పెద్ద హాలులో దుప్పటి పరుచుకొని పడుకోవాల్సి రావచ్చు. అమ్మ కోసం ఘాంఘరియాలో హోటల్ గది ముందే మాట్లాడుకోండి. నగదు జోషీమఠ్‌లోనే తీసి పెట్టుకోవాలి. గొడుగు పనికిరాదు, ఒళ్లంతా కప్పే రెయిన్‌కోట్ కావాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. బూట్లు కొత్తవి కొని అక్కడే తొడగడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, రెండు నెలల ముందే కొని ఊళ్లో వాడండి. బీపీ మాత్రలు సగం నాన్నగారి జేబులో, సగం మీ బ్యాగులో ఉండాలి. పెద్ద లగేజీ గోవింద్‌ఘాట్‌లో వదిలేసి చిన్న సంచితో ఎక్కండి.

సాధన సంగతి నాన్నగారికే అప్పగించండి. సెప్టెంబర్ ప్రయాణానికి జూన్ నుంచే రోజూ పొద్దున గంట నడక, వారంలో రెండు రోజులు మెట్లు. చివరి నెలలో వీపున మూడు కిలోల బరువు పెట్టుకొని నడవాలి. ఛాతీలో నొప్పి, బిగుతు లాంటివి అనిపిస్తే నడక ఆపేసి డాక్టరుకు చెప్పాలి. టికెట్లు, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చు. ఈ వారంలో మీరు చేయాల్సిన పనులు రెండే: గుండె డాక్టరు అపాయింట్‌మెంట్, నాందేడ్ ప్రయాణం.